అత్తమ్మ దిండు కింద గోలీలు

మా షోలాపూరు తూర్పు భాగంలో తెలుగువాళ్ళు ఏ పండుగ మరచినా శ్రావణ పున్నమి నాటి మార్కండేయస్వామి రథాన్ని మరవరు. మా అత్తమ్మ కాపురానికి వచ్చిన ఏడాది నుంచి ఆ రథం వెంట నడిచిన మనిషి. అలాంటిది మూడేళ్ళు వరుసగా "మోకాళ్ళు నొస్తున్నయి, మీరు పోయి రండి" అని ఇంట్లోనే ఉండిపోయారు. కారణం మోకాళ్ళు కాదని మాకు తెలిసేసరికి 2023 వచ్చింది.

సిరిసిల్లలో మేనకోడలి కూతురి పెళ్ళి అంటే బస్సు ప్రయాణం నా వల్ల కాదన్నారు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం పక్కనే కూర్చునేవారు. పొద్దు తిరిగాక మంచినీళ్ళు ముట్టేవారు కాదు. నా పాత చీరలు మాయమవుతుంటే ఎవరికో దానం చేస్తున్నారనుకున్నాను. ఒకనాటి తెల్లవారుజామున ఆ చీర ముక్కలే బాత్‌రూములో చప్పుడు కాకుండా ఉతుక్కుంటూ దొరికిపోయారు. నన్ను చూసి ఏడ్చేశారు. "ఒంటేలు వస్తదంటే ఆగదు బిడ్డా. గడియ తీసే లోపలే అయిపోతది. ఎవరికి చెప్పుకోను?" అన్నారు. నలభై ఏళ్ళు బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను చదివించిన మనిషి, డెబ్బై నాలుగేళ్ళ వయసులో చీర ముక్కలు దాచుకుంటోంది.

ఇది జబ్బేనని, దీనికి మందు ఉందని ఆమెను ఒప్పించడానికి వారం పట్టింది. కొడుకుతో డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి సిగ్గు. నాకేమో బడిలో పరీక్షల రోజులు, సెలవు దొరకలేదు. చివరికి పదకొండో తరగతి చదివే మనవడిని తోడిచ్చి పంపాను. నేను చేసిన మొదటి తప్పు అదే.

డాక్టరు గారు మరాఠీ ఆయన, నిదానస్తుడు. మూత్రపరీక్షలో చీము లేదని, చక్కెర అదుపులోనే ఉందని చూశాకే, మూత్రాశయం కండరం నిండకముందే తనంతట తాను బిగుసుకుపోతోందని చెప్పి, సోలిఫెనాసిన్ అనే మాత్ర 5 మిల్లీగ్రాములది రోజుకొకటి వేసుకుని నాలుగు వారాలకు రమ్మన్నారు. ఆయన అడగవలసినవన్నీ అడిగారు కూడా. "పోట్ సాఫ్ హోతే కా?" అంటే, విరేచనం సాఫీగా అవుతోందా అని. మావాడు నాయనమ్మను ఆ మాట అడగడానికి మొహమాటపడి, తనే "హో" అనేశాడు. నిజానికి ఆమెకు మూడు రోజులకొకసారి. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అంటే బి.పి.వి, షుగర్‌వి చెప్పాడు. అరికాళ్ళ మంటలకు ఇంకో డాక్టరు రాత్రిపూట వేసుకోమన్న అమిట్రిప్టిలిన్ మాత్ర సంగతి వాడికి తెలియదు. అది దీనికి సంబంధం లేనిదని అత్తమ్మ నోరు విప్పలేదు.

పది రోజులు బాగానే గడిచాయి. కొంచెం నయమనిపించింది కూడా. రథోత్సవం దగ్గరపడేసరికి అత్తమ్మకు ఆశ పుట్టింది. ఒకటి వేస్తే ఇంత తగ్గింది కదా, రెండు వేస్తే పూర్తిగా ఆగదా అని మాకు చెప్పకుండా రోజుకు రెండు మొదలుపెట్టారు. మధ్యలో జలుబు చేస్తే మనవడు మందుల షాపు నుంచి జలుబు మాత్రలు తెచ్చాడు. శ్రావణ పున్నమి నాడు కొత్త చీర కట్టుకుని రథం చూసి వచ్చారు. ఆ సంతోషం చూసి మేమూ మురిసిపోయాం.

ఆ రాత్రే ఇదెవరిల్లని అడిగారు. తునికాకు తడిపావా అని నన్ను కేకలేశారు. ఎప్పుడో పోయిన మామయ్యకు అన్నం పెట్టమన్నారు. వచ్చిన చుట్టాలు "ముసలితనం, మతి తప్పుతోంది, ఇక ఇంతే" అని తేల్చేశారు. నేనూ సగం నమ్మానని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. తెల్లవారేసరికి పొత్తికడుపు రాయిలా గట్టిపడింది. రాత్రి నుంచి చుక్క మూత్రం లేదు. ఆగడం లేదని మందు వేస్తే, అసలు రాకుండా పోయింది!

ఆసుపత్రిలో గొట్టం వేస్తే ఎనిమిది వందల మిల్లీలీటర్ల పైన వచ్చింది. ఇంట్లో ఉన్న మందులన్నీ, వాడినవీ మానేసినవీ, సంచిలో వేసుకు రమ్మన్నారు. దిండు ఎత్తితే మాత్రల అట్టలు కనిపించాయి. పదిహేను రోజులకు పదిహేను ఖర్చు కావాలి, ఇరవై ఖాళీ. వాటి పక్కనే జలుబు మాత్రల అట్ట.

అప్పుడు డాక్టరు గారు చెప్పిన పోలిక నాకు బాగా అర్థమైంది. మూత్రాశయాన్ని బిగుసుకోమని నరాలు పంపే కబురు ఎసిటైల్‌కోలీన్ అనే పదార్థం ద్వారా వెళుతుంది. ఈ మాత్ర ఆ కబురును అందనివ్వదు. కానీ పోస్ట్‌మన్ ఒక్కడే, వీధులు చాలా. నోట్లో లాలాజలం, పేగుల కదలిక, చెమట, కంటిపాప, మెదడులో జ్ఞాపకం, వీటన్నిటికీ కబుర్లు మోసేది వాడే. ఒక ఇంటికి ఉత్తరం ఆపబోతే మిగతా ఇళ్ళకూ కొంత ఆగిపోతాయి. నోరు ఎండడం, మలబద్ధకం, చూపు మసకబారడం అందుకే. అమిట్రిప్టిలిన్ కూడా ఆ పోస్ట్‌మన్‌నే ఆపుతుంది. చాలా జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా అంతే. కడుపునొప్పికి వేసుకునే డైసైక్లోమిన్, వణుకుడు జబ్బుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ కూడా ఆ జాతివే. ఏ మాత్రకు ఆ మాత్ర చిన్నదే. మా అత్తమ్మ ఒంట్లో మూడూ కలిశాయి, అందులో ఒకటి రెట్టింపు. వయసు మళ్ళినవారిలో ఆ దెబ్బ ముందు మెదడుకే తగులుతుందట. దానికి తోడు మలబద్ధకం ఉంటే నిండిన పేగు మూత్రాశయాన్ని ఒత్తి, మూత్రం ఆగిపోయే ప్రమాదం ఇంకా పెంచుతుంది. మావాడి ఒక్క "హో" ఖరీదు అది.

రెట్టింపు వేసుకుంటే పండుగ నాటికి పని చేస్తుందన్నదీ పొరపాటేనట. సోలిఫెనాసిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు రెండు రోజులు పడుతుంది, పెద్దవాళ్ళలో ఇంకొంచెం ఎక్కువ. కాబట్టి నేటిది పోకముందే రేపటిది చేరుతుంది. పూర్తి గుణం తెలియడానికి నాలుగు వారాలైనా ఓపిక పట్టాలి. ఒక పూట మరచిపోతే మరునాడు రెండు వేసుకోకూడదు. మందు ఆపిన తరువాత కూడా అత్తమ్మ తేరుకోవడానికి రోజులు పట్టింది. ఆరో రోజు పొద్దున "చాయిలో చక్కెర ఎక్కువేసినవు" అని నన్ను కోప్పడ్డారు. ఆ కోపం విని నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

ఇంకో మాట మా ఊరివాళ్ళకు ముఖ్యం. షోలాపూరు ఎండలు నలభై డిగ్రీలు దాటుతాయి. ఈ మందులు చెమటను తగ్గిస్తాయి, చెమట పట్టక ఒళ్ళు చల్లబడదు, వడదెబ్బ తొందరగా తగులుతుంది. ఈ మాత్ర వాడే పెద్దవాళ్ళను ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం పెళ్ళి ఊరేగింపులకు తీసుకెళ్ళకండి.

మిగిలిన పది మాత్రలకు ఒక గిరాకీ కూడా వచ్చింది! పక్కింటి మామకు రాత్రి నాలుగైదుసార్లు లేవవలసి వస్తోందట, "పారేసే బదులు నాకియ్యి బిడ్డా" అన్నారు. ఇవ్వలేదని కొన్నాళ్ళు అలిగారు. తరువాత చూపించుకుంటే ఆయనకు ప్రొస్టేట్ గ్రంథి పెరిగి ధార సన్నబడిందని తేలింది. దారి ఇరుకైన చోట ఈ మందు సొంతంగా వేసుకుంటే మూత్రం పూర్తిగా బంద్ కావచ్చు. నీటికాసులు, అంటే గ్లాకోమా, ఉన్నవారు కూడా ఆ మాట ముందే చెప్పాలి. కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే రకం అయితే చూపుకే ముప్పు. మందు మొదలుపెట్టాక మూత్రం ఆగి కడుపు ఉబ్బినా, మాట తికమకపడినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, పెదవులు, మొహం వాచినా మరునాటికి వాయిదా వేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆ తరువాత వైద్యం తిరిగి మొదటినుంచి మొదలైంది, ఈసారి నేనే వెంట వెళ్ళాను. మూడు రోజులు లెక్క రాయమన్నారు. ఎప్పుడు ఏం తాగారు, ఎప్పుడు ఎంత పోశారు అని. గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి కొన్నాం. మనవడు తప్పు దిద్దుకోవాలనుకున్నాడేమో, పట్టిక గీసి గోడకు అంటించాడు. ఆ లెక్కలో రెండు దొంగలు దొరికాయి. సాయంత్రం నాలుగు తరువాత తాగే మూడు గ్లాసుల చాయి ఒకటి. బి.పి.కి ఇచ్చిన మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేదాన్ని రాత్రి అన్నం తిన్నాక వేసుకోవడం రెండోది. చాయి ఒక గ్లాసుకు తగ్గింది. ఆ మాత్రను డాక్టరు గారే పొద్దుటికి మార్చారు. కాళ్ళ మంటల మందు వేరేది రాశారు. విరేచనం సాఫీ అయ్యేలా చూశారు. వచ్చిందనగానే పరుగెత్తకుండా కాసేపు బిగపట్టి, రోజురోజుకూ ఆ వ్యవధి పెంచుకునే అభ్యాసం నేర్పారు. సగం బాధ దానితోనే పోయింది.

మిగతా సగానికి మిరాబెగ్రాన్ 25 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఇది వేరే దారిలో పని చేసి కండరాన్ని వదులు చేస్తుంది, మతి మీద, పేగుల మీద అంత భారం ఉండదు. అయితే బి.పి. పెంచవచ్చు, బి.పి. బాగా ఎక్కువై అదుపులో లేనివారికి పనికిరాదు. గుండెకు వాడే మెటోప్రొలోల్ వంటి వాటి బలాన్ని పెంచుతుంది గనుక ఆ పేర్లూ చెప్పాలి. నేను అత్తమ్మకు పెద్ద మాత్రలను నూరి బెల్లంలో పెట్టి ఇచ్చేదాన్ని. దీన్ని అలా చేయవద్దన్నారు. రోజంతా కొంచెం కొంచెం కరిగేలా చేసిన మాత్ర, నూరితే ఒక్కసారే దిగుతుంది.

ఇప్పుడు అత్తమ్మ చేతిసంచిలో ఒక అట్టముక్క ఉంటుంది. ఒకవైపు మందుల పేర్లు మరాఠీలో మనవడి రాత, రెండోవైపు తెలుగులో నాది. మొన్న చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు గారు అలవాటుగా మావైపు తిరిగి "పోట్ సాఫ్ హోతే కా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ కుర్చీలో ముందుకు జరిగి, నలభై ఏళ్ళు బీడీ కార్ఖానాలో నేర్చిన మరాఠీలో, గదంతా వినబడేలా, రెండు రోజుల కథా చెప్పేశారు. మనవడు తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.