మఠం పిల్లలకు ప్రశ్న నేర్పేదెవరు?

పరీక్షల కాలం దగ్గర పడితే ప్రొద్దుటూరు జిరాక్సు షాపుల ముందు డిగ్రీ పిల్లలు గుంపులు కడతారు. ఒకరి చేతిలో పెన్‌డ్రైవ్, ఇంకొకరి ఫోన్లో సీనియర్ పంపిన ఫైలు. పేరు, హాల్‌టికెట్ నంబరు మార్చి ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ వేయిస్తే ప్రాజెక్టు అయిపోయినట్టే. అదే ‘ఆన్‌లైన్ షాపింగ్’, అదే ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్’. లోపల ఏదో ఒక పేజీలో పాత విద్యార్థి పేరు తీసేయడం మరిచిపోయి ఉంటారు. ‘ప్రాజెక్టు చేశావా?’ అని ఇక్కడ ఎవరూ అడగరు. ‘ప్రాజెక్టు తెచ్చుకున్నావా?’ అంటారు. ఏళ్ల తరబడి ఇదే మాట.

తప్పు పిల్లలదంటే నేనొప్పుకోను. బ్రహ్మంగారిమఠం చుట్టుపక్కల పల్లెల నుంచి క్యారియర్ పట్టుకుని పొద్దున్నే బస్సెక్కే అమ్మాయి, సాయంత్రం బస్సు తప్పిపోతుందని చివరి పీరియడు వదిలి పరిగెత్తాలి. ఇక ల్యాబులో కూర్చునేదెప్పుడు? జమ్మలమడుగు, పులివెందుల పల్లెల పిల్లలకూ ఇదే తిప్పలు. ఇంట్లో కంప్యూటరుండదు, ఉన్నదల్లా ఫోను. దాంట్లో వెబ్‌పేజీ రాయడం ఎంత కష్టమో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. కీబోర్డు సగం తెరను మింగేస్తుంది. ఒక్క గుర్తు కావాలంటే రెండు మూడు మీటలు నొక్కాలి. ఏ ట్యాగు మూశామో, ఏది మూయలేదో కనపడదు. అలాగే ఓ ఇరవై వరుసలు రాసి, పేజీ తెరిచి, తన ఊరి పేరు తెలుగులో కనపడగానే ఒకమ్మాయి ముఖం వెలిగిపోవడం నేను చూశాను. ఆ పేజీలో ఇంకేం పెట్టాలో ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

1989లో సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను తలపెట్టింది శాస్త్రవేత్తలు తమ సమాచారం పంచుకోవడానికి. 1993లో సెర్న్ దాన్ని లోకానికి ఉచితంగా వదిలేసింది. పరిశోధన కోసం పుట్టిన ఆ సాధనం మన పిల్లల చేతికొచ్చేసరికి రిజల్ట్స్ చూసుకోవడానికి, ఫీజు కట్టడానికి మిగిలింది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. 2020-21లో వచ్చిన కొత్త డిగ్రీ పాఠ్యప్రణాళికలో మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. 180 గంటలు ఊళ్లో తిరిగి, ఇల్లిల్లూ అడిగి, సమస్య ఏమిటో తేల్చి రాయాలి. ఇంత మంచి ఆలోచన ఈమధ్య కాలంలో నేను చూడలేదు. అదీ చాలాచోట్ల ఒక్క రాత్రిలో ఒకే పెన్నుతో నింపిన లాగ్‌బుక్ అయిపోయింది. 2025 జనవరి 1 నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద దాదాపు 13,000 పరిశోధన పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉచితంగా దొరుకుతున్నాయి. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరిన పిల్లలకు ఆ తలుపు తెరుచుకోలేదు.

ఇంతకీ పరిశోధించడానికి బ్రహ్మంగారిమఠంలో ఏముంది అంటారా? 2020లో కరోనా వచ్చినప్పుడు, కాలజ్ఞానంలో బ్రహ్మంగారు ముందే చెప్పారంటూ వాట్సాప్‌లో పద్యాలు ఊరూరా తిరిగాయి. ఆ పద్యం ఏ ప్రతిలో ఉంది? ఏ ఏడు అచ్చయిన పుస్తకంలో మొదట కనపడింది? బ్రహ్మంగారి జీవసమాధి ఉన్న ఈ ఊళ్లోనే కాలజ్ఞానం పుస్తకాలు అమ్ముతారు. రకరకాల ప్రచురణలు తెచ్చి, ఒక్కో పద్యాన్నీ యూనికోడ్‌లో టైపు చేసి, ఏది ఎందులో ఉందో, ఎందులో లేదో పక్కపక్కన చూపించే వెబ్‌సైటు ఒక్కటి కడితే చాలు, అది అసలైన పరిశోధన. తెలుగు చదివే పిల్లలూ కంప్యూటర్లు చదివే పిల్లలూ కలిసి చేయాల్సిన పని. పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ఓపిక కావాలి. స్వామి మీద భక్తికి దీనివల్ల వచ్చే లోటేమీ లేదు. ఆయన చెప్పిన మాటేదో, ఆయన పేరు మీద ఎవరో అల్లిన మాటేదో విడదీయడం ఆయనకు చేసే సేవే.

కడపకు ఇది కొత్త విద్య కూడా కాదు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల తాళపత్ర ప్రతులు పోగుచేసి, పోల్చి చూసి, 1829లో అచ్చు వేయించాడు. పండితులను పెట్టి ఆయన గ్రంథాలు పరిష్కరింపజేసిన బంగళా ఉన్న చోటే కడపలో ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. అప్పట్లో జీతాలిచ్చి లేఖకుల చేత చేయించిన పనిని ఈరోజు ఒక తరగతి పిల్లలు చేయగలరు. ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు భాషా నమూనా (లాంగ్వేజ్ మోడల్) కోసం ఇంజనీరింగ్ విద్యార్థుల చేత పాత కథల పేజీలు దిద్దించింది. అలాంటి పని మఠం దాకా రావాలి.

కాలజ్ఞానం ఒక్కటే కాదు. సుమారు 17 టీఎంసీల బ్రహ్మంసాగర్ జలాశయం మఠం పక్కనే ఉంది. ఏటా ఎంత నీరొచ్చింది, ఏ చెరువుకు చేరింది? ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో క్రీ.శ. 575 నాటి తొలి తెలుగు శాసనం దొరికింది. ఆ చుట్టుపక్కల పొలాల్లో ఇంకెన్ని రాళ్లున్నాయి?

కాలేజీలు నడిపేవారికి నాదొక్కటే విన్నపం. ల్యాబును కాలేజీ వేళలను బట్టి కాక పిల్లల బస్సు వేళను బట్టి తెరవండి, సెలవు రోజు కూడా. తన ఊరి గురించి తానే వేసుకున్న ప్రశ్న లేని ప్రాజెక్టును తీసుకోకండి. తల్లిదండ్రులకూ ఒక మాట: ఈసారి ప్రాజెక్టుకు డబ్బులడిగితే ఇవ్వబోయే ముందు, ‘ఏం తెలుసుకోవాలని చేస్తున్నావమ్మా?’ అని అడగండి.