సెంట్రల్ హాలు నుంచి వంటింటికి

పులిహోర కలిపేముందు అన్నం పూర్తిగా ఆరాలన్న సంగతి నాకు యాభై రెండవ ఏట తెలియవచ్చింది. లోక్‌సభలో 193వ నిబంధన కింద జరిగే చర్చకు ఓటింగు ఉండదనీ, 184 కింద అయితే ఉంటుందనీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన నేను, పొగలు గక్కే అన్నం మీద చింతపండు పులుసు గుమ్మరించి, గరిటెతో తిప్పి తిప్పి, ముద్దకట్టిన ఆ పదార్థాన్ని ఎనిమిది మంది అతిథుల ముందు ఉంచాను. వచ్చినవారు పార్లమెంటు సభ్యులు. నచ్చనిదాన్ని నచ్చినట్లు మింగడంలో అనుభవజ్ఞులు. ఎవరూ ఏమీ అనలేదు.

ఈ వయసులో నాకు గరిటె పట్టవలసిన అగత్యం ఎందుకు కలిగిందో చెప్పాలంటే ముందుగా సెంట్రల్ హాలు గూర్చి చెప్పాలి. పాత పార్లమెంటు భవనంలోని ఆ మందిరంలోనే 1946 డిసెంబరు 9న రాజ్యాంగ సభ తొలిసారి సమావేశమైంది. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి అధికార మార్పిడి జరిగింది కూడా అక్కడే. తర్వాతి దశాబ్దాలలో అది ఉభయసభల వారూ కాఫీ తాగే చోటుగా స్థిరపడింది. ప్రత్యేకమైన పాసు ఉన్న సీనియర్ విలేఖరులకూ ప్రవేశం ఉండేది. సభలో పరస్పరం దుమ్మెత్తిపోసుకున్న ఇద్దరు పావుగంట తర్వాత అక్కడ పక్కపక్కన కూర్చుని ఒకే ప్లేటులోని టోస్టు పంచుకోవడం నేను ఎన్నోమార్లు చూచాను. అక్కడ విన్నది విన్నట్లు రాయరాదన్నది అలిఖిత నియమం. రాయకపోయినా, రాసేదాన్ని తప్పు లేకుండా రాయడానికి అది ఎంతగానో ఉపకరించేది.

2020 మార్చిలో కోవిడ్ వచ్చింది. పార్లమెంటులో పత్రికలవారి ప్రవేశంపై ఆంక్షలు వచ్చాయి. కోవిడ్ పోయినా సెంట్రల్ హాలు మాకు తిరిగి దక్కలేదు. 2023 సెప్టెంబరు 19న ఉభయసభలూ కొత్త భవనానికి తరలిపోయాయి, పాతదానికి సంవిధాన్ సదన్ అని పేరు పెట్టారు. కొత్త భవనంలో సెంట్రల్ హాలు అన్నదే లేదు. ఉభయసభలు కలిసి కూర్చోవలసి వస్తే లోక్‌సభ మందిరమే సరిపోయేటట్లు కట్టారు. ఉమ్మడి సమావేశానికి చోటు చూపినవారు ఉమ్మడి కాఫీకి చూపడం మరచిపోయారు. పార్లమెంటు క్యాంటీనులో రాయితీ ధరలు 2021 జనవరిలో ఎత్తివేసినప్పుడు దేశమంతా చర్చించింది. సభ్యులు చౌకగా తింటున్నారన్నది ఏళ్ల తరబడి వార్త అయింది. కలిసి తినడం తగ్గిపోయిందన్నది మాత్రం ఏ పత్రికకూ వార్త కాలేదు, మా పత్రికతో సహా.

ఢిల్లీ రాజకీయాలలో భోజనం ఎన్నడూ కేవలం భోజనం కాదు. 1999 మార్చి 29న సుబ్రహ్మణ్యస్వామి అశోకా హోటలులో ఇచ్చిన తేనీటి విందుకు సోనియాగాంధీ, జయలలిత ఇద్దరూ వచ్చారు. మూడు వారాలు తిరగకముందే, ఏప్రిల్ 17న, వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో కూలిపోయింది. 269, 270 అన్న అంకెలు ప్రకటించినప్పుడు నేను ప్రెస్ గ్యాలరీలో ఉన్నాను. ఇఫ్తార్ విందులలో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూచి కూటములను లెక్కగట్టిన కాలమూ ఉంది. 2002లో రాష్ట్రపతి కలాం ఆ విందు మాని, అందుకయ్యే సొమ్మును అనాథాశ్రమాలకు పంపించారు. ఇటువంటి విందుల గూర్చి పుంఖానుపుంఖాలుగా రాశాను. అక్కడ వండినదెవరో ఒక్కసారైనా రాయలేదు.

మా ఇంట వండినది మా శ్రీమతి. నేను ఢిల్లీ వచ్చిన 1998 నుంచి పాతికేళ్లు. ఆమె రోజంతా పాఠశాలలో లెక్కలు చెప్పి వచ్చి, నా మిత్రులకు పప్పు, గోంగూర, మిరియాల చారు వడ్డించి, మేము మంత్రివర్గాలను మార్చే వేళకు గిన్నెలు తోమేవారు. 2023 శీతాకాల సమావేశాలు జరుగుతున్నాయి. ఉభయసభలలో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులను సస్పెండ్ చేసిన సమావేశాలవి. ఇటువారు అటువారి మొహం చూడని ఆ రోజుల్లో, ఇటు నలుగురినీ అటు నలుగురినీ శనివారం భోజనానికి పిలిచానని ఇంట్లో చెప్పాను.

"ఏమండీ, వచ్చేది మీ మిత్రులు. మాట్లాడేది మీరు. రాసేదీ మీరే. వండటం ఒక్కటి నాకెందుకు మిగల్చాలి? ఈసారి అదీ మీరే తీసుకోండి" అన్నారామె, పత్రిక మీదనుంచి చూపు మరల్చకుండానే. తొలి శనివారం సలహా కూడా చెప్పలేదు. పులిహోర గతి పైన విన్నవించాను.

ఆ మర్నాటి నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టాను. వంటింటి గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని ఆమె చెప్పడం, నేను చేయడం. గరిటె ముట్టుకోనన్నది ఆమె షరతు. ఢిల్లీలో గొప్పగా చెప్పుకునే బాస్మతి పులిహోరకు పనికిరాదు. పొడుగు మెతుకు పులుపును పట్టదు. సోనామసూరి కోసం, కరివేపాకు కోసం, గోంగూర కోసం ఐ.ఎన్.ఎ. మార్కెట్టుకు పోవాలి. అన్నం వెడల్పు పళ్లెంలో పరచి, పసుపూ నూనె చుక్కలూ వేసి ఆరనివ్వాలి. పులుసు విడిగా, నూనె పైకి తేలేవరకు ఉడకాలి. పోపులో మినప్పప్పు ఎర్రబడటానికీ మాడటానికీ మధ్య వ్యవధి, మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గడానికి పట్టే వ్యవధికన్న తక్కువ.

వంట ఒక ఎత్తు, పిలవడం మరొక ఎత్తు. ఉత్తరాదివారిలో పలువురు మంగళవారం మాంసం ముట్టరు. జైనులు దుంపలు తినరు. నవరాత్రులలో కొందరికి ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. ముస్లిం సభ్యునికి హలాల్, సిక్కు సభ్యునికి అది కూడదు. అందుచేత అందరూ తినగలిగినవే ముందు నిర్ణయించి, తక్కినవి తర్వాత చేర్చడం నేర్చుకున్నాను. కందిపప్పు, పులిహోర, బీరకాయ కూర, పెరుగు. ఫోన్లు మాత్రం గుమ్మం దగ్గరి బుట్టలో పెట్టవలసిందే. ఫోటో ఒకటి బయటికి పొక్కితే పార్టీలో సంజాయిషీ ఇచ్చుకోవలసినవాడు అతిథి.

తెలుగువారి సంగతి వేరు. 2014 ఫిబ్రవరి 18న ప్రత్యక్ష ప్రసారం నిలిచిపోయిన లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు ఆమోదం పొందిన తర్వాత, రెండు రాష్ట్రాల సభ్యులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి నేను చాలాకాలం సాహసించలేదు. అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ ఆస్తి పంపకమే 2024 మార్చిదాకా తేలలేదు. ఆ తర్వాత ఒక శనివారం అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు వచ్చారు. నా చారు రుచి చూచిన తెలంగాణ మిత్రుడు లేచి, "అన్నా, జరుగు, నేను పచ్చిపులుసు చేస్త" అంటూ వంటింట్లోకి వచ్చేశారు. చింతపండు పిసికి, పచ్చిమిరపకాయలు మంటమీద కాల్చారు. పొయ్యితో పనిలేకుండా పులుసేమిటని పరిహసిస్తూనే గుంటూరు వైపు మిత్రుడు ఉల్లిపాయలు తరిగారు. కళ్లు తుడుచుకుంటూ, "మిరియాల స్ప్రే రోజు సభలో ఉన్నవాణ్ణి, ఇదొక లెక్కా?" అన్నారు. ఇద్దరూ నవ్వారు. కృష్ణా జలాల మీద గంటసేపు వాదించుకున్నారు. అంగుళమైనా ఎవరూ కదలలేదు. అయితే ఒకరి వాదన ఒకరు చివరిదాకా విన్నారు. సభలో అది నేను చూచి చాలాకాలమైంది.

ఇందులో నాకొక సంకోచం లేకపోలేదు. మా కార్యాలయంలోని యువ విలేఖరి ఒకరు, "మీరు వండి పెట్టినవారిని గూర్చి మీరే విమర్శ ఎలా రాస్తారు, సార్?" అని నిలదీశారు. సెంట్రల్ హాలు కాఫీకి బిల్లు ఎవరు కట్టారో మేమూ లెక్కపెట్టుకోలేదు గనుక, నేను ఇచ్చిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. నా బల్ల దగ్గర కూర్చున్నవారిలో ఇద్దరిని గూర్చి తర్వాత కటువుగానే రాశాను. ఒకరు మళ్లీ వచ్చారు. మరొకరు రాలేదు.

ఇప్పుడు మా శ్రీమతి అతిథులతోపాటు కూర్చుంటున్నారు. మొన్నటి విందులో, పాఠశాలల్లో లెక్కల ఉపాధ్యాయుల ఖాళీలు ఏళ్ల తరబడి ఎందుకు నిండవని ఒక మాజీ మంత్రిని అడిగారు. ఆయన నీళ్లు నమిలారు. పాతికేళ్లలో ఆ ప్రశ్న నాకు ఒక్కనాడూ తట్టలేదు.

వచ్చే విందుకు లిట్టీ తానే చేస్తానని బీహారు సభ్యుడొకరు ముందుకు వచ్చారు. సత్తు పిండి, ఆవనూనె ఆయనే తెస్తారట. మేడమీద పిడకల మంట మాత్రం కావాలన్నారు. మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శి అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.