గెలుపు లేని ఆట

వీడియో ఆటలంటే మన విమర్శకులకు చిన్నచూపు. పిల్లల్ని పాడుచేసే వ్యాపార సరుకు అని ఒక్కమాటతో కొట్టిపారేస్తాం. నేనూ అలా కొట్టిపారేసినవాణ్ణే. మా బడి కంప్యూటర్ గదిలో ఒక పాత ఆట ఆడుతూ పట్టుబడ్డ పదో తరగతి కుర్రవాడు, తిట్లన్నీ విని, "దీనికి ఆఖరెక్కడుంది సార్?" అని ఎదురు నన్నే అడిగాడు. జవాబు వెతకబోతే తేలిన సంగతులు వస్తువు, రూపాల సంబంధాన్ని గురించి మనం చేసుకునే చర్చకు పనికొస్తాయనిపించింది.

ఆ ఆట పేరు స్పేస్ ఇన్వేడర్స్. 1978లో జపాన్‌లోని టైటో కంపెనీ విడుదల చేసింది. బొమ్మలు, ప్రోగ్రాము, యంత్రపు అమరిక దాదాపు అన్నీ తోమోహిరో నిషికడో అనే యింజనీరు ఒక్కడే చేశాడు. నాణెం వేస్తే నడిచే యంత్రం అది. తెర మీద వరసకు 11 చొప్పున 5 వరసల్లో 55 గ్రహాంతర జీవులు. అవి దండుగా ఒక పక్కకు జరిగి, అంచు తగలగానే ఒక మెట్టు దిగి, రెండో పక్కకు మళ్ళుతాయి. అడుగున మన ఫిరంగి ఒక్కటే. దాని ముందు నాలుగు రక్షణ గోడలు. ఈ గోడల్ని శత్రువు గుళ్ళే కాదు, వెనక నుంచి మనం పేల్చే గుళ్ళూ కొరికేస్తాయి.

అసలు విశేషం వేగంలో ఉంది. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ నడక పెరుగుతుంది. పక్కనే మోగే నాలుగు స్వరాల మోత కూడా గుండెదడలా తొందరపడుతుంది. ఇదంతా ముందుగా ఆలోచించి పెట్టిన శిల్పం అనుకుంటాం. కాదు. యంత్రంలో ఉన్నది ఇంటెల్ 8080 ప్రాసెసర్. తెర సెకనుకు 60 సార్లు మారితే, ఒక్కో మార్పుకు ఒక్క బొమ్మనే అది జరపగలిగేది. కాబట్టి 55 మందీ ఒక అడుగు వెయ్యటానికి సుమారు ఒక సెకను పట్టేది. చివరికి మిగిలిన ఒక్కడు మాత్రం ప్రతి మార్పుకూ కదులుతాడు. యంత్రపు చేతగానితనం ఇది. నిషికడో గొప్పతనమల్లా దాన్ని దిద్దకుండా ఉంచేయటం. ఛందస్సు అడ్డం పడ్డచోట మంచి కవికి కొత్త మాట దొరకటం మనకు తెలిసిందే. ఉత్పత్తి సాధనం రూపాన్ని శాసిస్తుందని పుస్తకాల్లో చదువుకున్నాం గాని, యింత కంటికి కనిపించే ఉదాహరణ నాకింతవరకు తగల్లేదు.

వస్తువు దగ్గరికి వస్తే యింత మెచ్చుకోలేను. నిషికడో మొదట విమానాలూ ట్యాంకులూ పెట్టి చూశాడు, కదలిక నప్పలేదు. మనుషుల బొమ్మలు నప్పాయి. కాని మనుషుల్ని కాల్చే ఆట తగదని కంపెనీ పెద్దలు అడ్డుచెప్పారని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అప్పుడు హెచ్.జి. వెల్స్ నవల 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' లోని ఆక్టోపస్ లాంటి మార్టియన్లు గుర్తుకొచ్చాయి. పెద్దల మనసు మంచిదే, సందేహం లేదు. కాని ఫలితం చూడండి: మనిషిని చంపటం తప్పు గనక, చంపదగినవాణ్ణి మనిషి కాకుండా చేశారు. చరిత్రలో యుద్ధ ప్రచారాలన్నీ చేసిన పని కూడా యిదే.

వెల్స్ చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. 1898లో పుస్తకంగా వచ్చిన ఆ నవల మొదటి అధ్యాయంలోనే, యూరప్ వలసదారులు టాస్మేనియా ఆదివాసుల్ని తుడిచిపెట్టిన సంగతి గుర్తుచేస్తాడు. (వాళ్ళు పూర్తిగా నశించారని ఆయన అనుకున్నాడు, వాళ్ళ సంతతి నేటికీ ఉంది.) మీరు వాళ్ళకు చేసింది మీకే జరిగితే ఎట్లా ఉంటుందని సామ్రాజ్యపు పౌరుణ్ణి నిలదీసే నవల అది. జపాను చేరేసరికి ఆక్టోపస్ మిగిలింది, నిలదీత పోయింది. దండెత్తినవాడెవడు, ఎందుకు దండెత్తాడు అన్న ప్రశ్నకు ఆటలో తావులేదు.

ఇక కుర్రవాడి ప్రశ్న. ఆఖరు లేదు. 55 మందినీ కాల్చేస్తే మరో 55 మంది, ఈసారి కాస్త కిందినుంచే మొదలవుతారు. వాళ్ళు నేల తాకితే, మన దగ్గర ఎన్ని ప్రాణాలు మిగిలున్నా ఆట ముగిసినట్లే. దీన్లో మనిషి ఓటమిని గురించిన తాత్త్వికత వెతికేవాళ్ళున్నారు. 2013లో న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాల దీన్ని తన సేకరణలో చేర్చుకున్నాక వాళ్ళకు మరింత ఊతం దొరికింది. నాకు తోచేది యింకొకటి. ఆట తీరితే ఆడేవాడు తృప్తిపడి యింటికి పోతాడు. తీరకపోతే మరో నాణెం వేస్తాడు. తెర పైన అత్యధిక స్కోరు చూపించటం కూడా అందుకే. దానితో, మనకు ముందెవడో తెలియనివాడు సాధించిన అంకెతో మనం పోటీపడతాం.

కుర్రవాడికి యిదంతా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "బడి కంప్యూటర్లో నాణెం అక్కర్లేదు గదా సార్," అన్నాడు.