ఒడ్డు పక్షుల గణన

హైదరాబాదు నగరంలో మూసారాంబాగ్, అంబర్‌పేటల నడుమ మూసీ నది ప్రవహిస్తుంది. మురుగు కలిసిన ఆ నీటి అంచుల్లోనే పొడుగుకాళ్ల ఉల్లంకులు మేత వెదకుతూ కనిపిస్తాయి. ఇటువంటి పక్షులను లెక్కించడానికి 'ఆసియా నీటిపక్షుల గణన' 1987లో ప్రారంభమైంది. ఏటా జనవరిలో స్వచ్ఛంద పరిశీలకులు ఇందులో పాల్గొంటారు.

బురదనేలల్లో పక్షులు గుంపులుగా మేస్తాయి. కనుక దుర్భిణితో మొదట పది పక్షులను లెక్కించి, అవి ఆక్రమించిన మేరను కొలతగా తీసుకొని గుంపంతటినీ అంచనా కడతారు. తీతువు తీరు వేరు. అది పచ్చికనేలల్లో తరచుగా జంటగా తిరుగుతుంది. దానిని లెక్కించేవారు నిర్ణీతమైన దారిలో మెల్లగా నడుస్తూ, ఇరువైపులా కనిపించిన పక్షులనూ వినిపించిన కూతలనూ నమోదు చేస్తారు.

పక్షులు ఎక్కువగా ఉన్నంత మాత్రాన నీరు శుభ్రంగా ఉన్నదని భావించరాదు. మురుగులో పెరిగే పురుగుల కోసం కూడా ఉల్లంకులు చేరుతాయి. అందువల్ల ఎన్ని పక్షులున్నాయో కాక, ఏయే జాతులున్నాయో కూడా గమనించాలి. ఒక్కనాటి లెక్క కేవలం ఒక సంఖ్య. అదే చోట, అదే రీతిలో ఏటేటా తీసిన లెక్క ఏ జాతి తరిగిపోతున్నదో తెలుపుతుంది. లెక్క లేనిచోట పక్షులు కనుమరుగైనా ఎవరికీ తెలియదు.