ఇంటికి వెల్ల - కాళ్ళ సందున కుక్కపిల్ల

వానలు వెనుకబట్టి శరదృతువు ప్రవేశింపగనే తెలుగునాట ఇళ్ళలో పని సందడి మొదలగును. దసరాకు ముందు బూజు దులుపుదురు. అటకమీది సామాను దింపుదురు. వానకు పెచ్చులూడిన గోడలను మెత్తి వెల్ల వేయుదురు. అట్టి ఇంటిలో మూడు నాలుగు నెలల కుక్కపిల్ల కూడ ఉన్నచో ఈ పనులన్నిటికిని పిలువని సహాయకుడు దొరకినట్లే. బూజుకర్ర కదలిన వెంటనే దాని వెనుక పరుగెత్తును. నేల తుడుచు గుడ్డను నోట కరచి గుంజును. నిచ్చెన దిగువారి కాళ్ళ సందున దూరును. ఇంటివారు దీనిని అల్లరి అందురు. జంతుశాస్త్ర దృష్టితో చూచినచో ఇది అల్లరి కాదు, పసిప్రాయపు చదువు. ఆ చదువు ఎట్టిదో తెలిసికొని పనిని అమర్చుకొన్నచో ఇల్లు శుభ్రపడును, పసిప్రాణికిని అపాయము రాదు.

నోటితో సాగు చదువు

పసిబిడ్డ క్రొత్త వస్తువును చేతితో పట్టి చూచును. చేతులు లేని కుక్కపిల్ల అదే పనిని నోటితో చేయును. దానికి మొదట వచ్చు పాలపండ్లు 28. సుమారు నాలుగవ నెలనుండి అవి ఊడి, ఏడవ నెల నాటికి 42 శాశ్వతదంతములు వచ్చును. ఈ కాలములో చిగుళ్ళు సలుపుచుండుటచే అది కనబడిన దానినెల్ల కొరుకును. చెప్పులు, చీపురు, విద్యుత్తు తీగ అను భేదము దానికి తెలియదు.

ముక్కు విషయము ఇంకను విచిత్రము. మానవుని ముక్కులో వాసనను గ్రహించు కణములు సుమారు 50-60 లక్షలుండగా, కుక్క ముక్కులో 10 కోట్లకు పైగా ఉండును. అటకమీది పాత సామాను దింపినపుడు ఇంటివారికి దుమ్ము మాత్రమే కనబడును. కుక్కపిల్లకు ఏండ్ల తరబడి నిలువయున్న వాసనలన్నియు ఒక్కసారిగా నేలమీద పరచినట్లుండును. అది అక్కడనుండి కదలకుండుటలో ఆశ్చర్యమేమున్నది?

అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను పెట్టెలలో ఉంచి అవి బయటపడు విధమును పరిశీలించి, 1898లో ఆ ఫలితములను ప్రకటించెను. మంచి ఫలితము నిచ్చిన చర్యను జంతువు మరల మరల చేయునని ఆ ప్రయోగములవలన తేలినది. గుడ్డను నోట కరచుకొన్న కుక్కపిల్ల వెంట పిల్లలు కేకలు వేయుచు పరుగెత్తినచో, దాని దృష్టిలో అది మందలింపు కాదు, మంచి ఆట. మరునాడును అది గుడ్డకొరకే కాచుకొని యుండును. తరుముటకు బదులు ఒక రొట్టెముక్కను చూపి గుడ్డను విడిపించి, ముడులు వేసిన పాతగుడ్డ నొకదానిని కొరుకుటకు ఇచ్చుట మేలు.

సున్నపు తొట్టి

ఇంటిపనులలో ఎక్కువ జాగ్రత్త కావలసినది సున్నముతోనే. సున్నపురాతిని బట్టీలో కాల్చగా వచ్చునది పొడిసున్నము, అనగా కాల్షియం ఆక్సైడు. దానిపై నీరు పోసినచో తడిసున్నము, అనగా కాల్షియం హైడ్రాక్సైడు ఏర్పడును. ఈ చర్యలో వెలువడు ఉష్ణము తక్కువ కాదు. 1 కిలోగ్రాము శుద్ధమైన పొడిసున్నము నీటితో కలియునపుడు పుట్టు వేడి సుమారు 3 లీటర్ల నీటిని మరిగించుటకు చాలును. అందుచేతనే తొట్టి బుసబుసమని పొంగి చుట్టును చిందును. ఆ చప్పుడేమో చూడవచ్చి ముక్కుపెట్టిన కుక్కపిల్లకు ముఖము కాలును. కన్ను కూడ పోవచ్చును.

తొట్టి చల్లారినను ప్రమాదము తీరదు. సున్నపుతేట పి.హెచ్. విలువ సుమారు 12.4, అనగా అది తీవ్రమైన క్షారము. చిందిన సున్నమును త్రొక్కిన కుక్కపిల్ల తరువాత తన పాదములను నాకుకొనును. అప్పుడు నాలుకయు నోటిలోపలి పొరయు పుండగును. గోడకు వేసిన సున్నము గాలిలోని కార్బన్ డైఆక్సైడును గ్రహించి క్రమముగా కాల్షియం కార్బొనేటుగా మారి తన తీవ్రతను కోల్పోవును. దీనికి కొన్ని దినములు పట్టును గనుక క్రొత్త గోడను నాకనీయరాదు.

ఒంటిపై పొడిసున్నము పడినచో మొదట పొడిగుడ్డతో దులిపి, పిమ్మట ధారాళముగా నీటితో కడుగవలెను. కంటిలో పడినచో పరిశుభ్రమైన నీటిని 15-20 నిమిషములు ధారగా పోసి, వెంటనే పశువైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. నిమ్మరసము పోసి విరుగుడు చేయబోవుట తప్పు. ఆ చర్యలోను వేడి పుట్టును. చుట్టును తిరుగు చిన్నపిల్లలకు ఇట్టి ప్రమాదము జరిగినను ఇదే ప్రథమ చికిత్స. పిమ్మట వైద్యునికి చూపవలెను.

నేలమీదికి దిగిన విషములు

ట్రంకుపెట్టెలు తెరచినపుడు కలరా ఉండలు నేలపై దొర్లును. కుక్కపిల్లకు అవి ఆటబంతులు. వానిలో నాఫ్తలీను ఉన్నచో అది ఎర్ర రక్తకణములను నాశనము చేయగలదు. అటకమీద మరచిపోయిన ఎలుకలమందు మరియొక గండము. కొన్నిరకముల మందు తిన్న వెంటనే లక్షణములు కనబడవు, కొన్ని దినములకు లోపల రక్తస్రావము మొదలగును. తలుపులకు వేసిన పాత రంగును గీకునపుడు లేచు ధూళిలో సీసము ఉండవచ్చును. మన దేశములో ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళను మించరాదను నియమము 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందు వేసిన రంగులకు ఆ భరోసా లేదు. కనుక గీకుటకు ముందు తడిపి, ధూళిని తడిగుడ్డతో ఎత్తివేయవలెను.

కుక్కపిల్ల విషమేదైన మ్రింగినచో ఇంటివద్ద కక్కింప ప్రయత్నింపరాదు. సున్నము, టర్పెంటైను వంటివి తిరిగి పైకి వచ్చునపుడు మరింత హాని చేయును. మ్రింగిన వస్తువు డబ్బాతో సహా పశువైద్యునికి చూపవలెను. విద్యుత్తు తీగను కొరికినచో మొదట మెయిను స్విచ్చి ఆపి, పిదపనే దానిని తాకవలెను. కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరు అవకాశము కలదు గనుక, హుషారుగా కనబడినను చూపింపవలసినదే.

పనిని అమర్చుకొను విధము

పెరుగు ప్రాయములో కుక్కపిల్ల రోజులో చాలభాగము నిద్రించును. ఆడించి, ఆహారము పెట్టి, మలమూత్రములకు బయట త్రిప్పి తెచ్చినచో త్వరలోనే కునుకు తీయును. నిచ్చెన ఎక్కు పని, సున్నము తడుపు పని ఆ వేళకు ఉంచుకొని, అది నిద్రించు గది తలుపు మూయవలెను.

అయితే పనినుండి దానిని పూర్తిగా వెలివేయుటయు మంచిది కాదు. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలో అనేక కుక్కపిల్లలను పెంచి పరిశీలించి 1965లో ఒక గ్రంథము ప్రకటించిరి. సుమారు 3 వారములనుండి 12 వారముల వరకు గల ప్రాయము సాంఘికాభ్యాసమునకు కీలకమని వారు చూపిరి. అప్పుడు కలిగిన పరిచయము, అప్పుడు పట్టిన భయము చిరకాలము నిలుచును. కనుక చీపురును, నిచ్చెనను, ఖాళీబాల్చీ చప్పుడును దూరమునుండి చూపి, బెదరక నిలిచినపుడు తినుటకు కొంచెము పెట్టుట మంచి విద్య. చీపురుతో కొట్టుట చెడ్డ విద్య.

పండుగ తొందరలో మరువరాని విషయ మింకొకటి కలదు. గుంజులాటలో కుక్కపిల్ల పండ్లు గీరుకొన్నను చిన్న గాయమని ఊరకుండరాదు. సబ్బుతో, పారు నీటితో 15 నిమిషములు కడిగి వైద్యుని కలిసికొనవలెను. రేబిస్ లక్షణములు ఒకసారి బయటపడినచో బ్రతికినవారు అత్యంత అరుదు. సకాలములో వేయించుకొన్న టీకాలు దానిని నివారించును. కుక్కపిల్లకు సాధారణముగా మూడవ నెలలో వేయించు టీకాను పండుగ పనుల పేర వాయిదా వేయరాదు.

ఇంటిలో కుక్కపిల్ల ఉన్న విద్యార్థులు ఒక వారముపాటు అది నిద్రించిన గంటలను, కొరికిన వస్తువులను, కొరికిన వేళను నోటుపుస్తకములో వ్రాసికొనవచ్చును. వారాంతమున ఆ పట్టికను తరగతిలో ఉపాధ్యాయునితో కలిసి పరిశీలించినచో, అల్లరి అనుకొన్నదానికి ఒక క్రమమున్నట్లు కనబడును. ఆ క్రమము తెలిసిన ఇంటిలో సున్నపు తొట్టి ఎప్పుడు తెరువవలెనో, గది తలుపు ఎప్పుడు మూయవలెనో ఒకరు చెప్పవలసిన పని యుండదు.