ప్రచురణలు, ఉల్లేఖనాల ప్రభావం: ప్రత్యుత్పత్తి వైద్యంలో ఎల్లాప్రగడ సుబ్బారావు కృషి

పరిచయం

రాజోలు, కొత్తపేట, అమలాపురం ప్రాంతాల్లో ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా గర్భిణులకు ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇవ్వడం మీరు చూసే ఉంటారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవారు ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కోనసీమకు గోదావరి ఆవలనున్న భీమవరంలో 1895లో జన్మించారు. శాస్త్రవేత్త కృషిని అంకెలతో ఎలా కొలుస్తారో, ఆ కొలత ఎక్కడ సరిపోదో ఆయన ఉదాహరణతో ఈ భాగంలో తెలుసుకుంటారు.

1. ఉల్లేఖనం, హెచ్-సూచిక

ఒక పరిశోధనా పత్రం తనకు ఆధారమైన పాత పత్రాన్ని పేర్కొనడమే ఉల్లేఖనం. దీనినే సైటేషన్ అంటారు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-సూచికను ప్రతిపాదించారు. ఒకరి పత్రాల్లో కనీసం ‘హెచ్’ సంఖ్యలో పత్రాలకు ఒక్కొక్కదానికి కనీసం ‘హెచ్’ ఉల్లేఖనాలు ఉండాలి. అలా కుదిరే అతి పెద్ద సంఖ్యే ఆ సూచిక.

ఉదాహరణకు అయిదు పత్రాలకు వరుసగా 20, 9, 4, 3, 1 ఉల్లేఖనాలు వచ్చాయనుకోండి. కనీసం మూడేసి ఉల్లేఖనాలున్న పత్రాలు మూడుకు తక్కువ లేవు. నాలుగేసి ఉన్నవి మాత్రం నాలుగు లేవు. కాబట్టి సూచిక 3. మొదటి పత్రానికి 20 బదులు 20,000 ఉల్లేఖనాలు వచ్చినా సూచిక 3 దగ్గరే ఉంటుంది. ఈ విషయం గుర్తుంచుకోండి.

2. ఎక్కువగా ఉల్లేఖించినది

సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రంగు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉల్లేఖించిన పత్రాల్లో అది ఒకటి. వృషణ కణజాలంలో ఎంజైముల చర్యను కొలిచే పరిశోధకులు కూడా ఈ పద్ధతినే వాడి, ఆ పత్రాన్ని పేర్కొంటూ వచ్చారు. పద్ధతులను వివరించే పత్రాలకు ఉల్లేఖనాలు ఎక్కువగా రావడం సహజం. ఆ పద్ధతి వాడిన ప్రతివారూ దానిని పేర్కొనవలసిందే కదా.

3. ఎక్కువగా ఉపయోగపడినది

1931లో లూసీ విల్స్ బొంబాయి గర్భిణుల్లో ఒక రకమైన రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని ప్రచురించారు. అందులో పనిచేసినది ఫోలేట్ అని తరువాత తేలింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ పత్రంలో అనేకమంది రచయితల్లో ఆయన ఒకరు మాత్రమే. ఫోలిక్ ఆమ్లానికి విరోధులుగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అదే ప్రయోగశాల నుంచి వచ్చాయి.

సుబ్బారావు 1948లో మరణించారు. 1956లో మెథోట్రెక్సేట్‌తో కోరియోకార్సినోమా అనే మావి సంబంధిత క్యాన్సర్ నయమైంది. 1982 తరువాత గర్భాశయం వెలుపల ఏర్పడే గర్భానికి, తగిన సందర్భాల్లో శస్త్రచికిత్స లేకుండానే ఇదే మందుతో చికిత్స చేయసాగారు. అంతకుముందు నాడీనాళ లోపంతో బిడ్డ పుట్టిన తల్లులు గర్భధారణకు ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, ఆ లోపం మళ్లీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి అధ్యయనం నిరూపించింది.

నేడు ఈ మందుల గురించి రాసేవారు 1945 నాటి పత్రాన్ని సాధారణంగా పేర్కొనరు. అందరి జ్ఞానంలో కలిసిపోయినదానికి ఉల్లేఖనం అవసరం లేదనుకుంటారు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించినది ఈ స్థితినే: ఒక ఆవిష్కరణ ఎంతగా ఇమిడిపోతే, దాని మూలం అంతగా కనుమరుగవుతుంది.

4. మీకు దీని ఉపయోగం

సంతానం కోసం చికిత్స వెతుక్కుంటున్న దంపతులు ఒక వైద్యుని కరపత్రంలో ‘200 పరిశోధనా పత్రాలు’ అన్న మాట చూసి మిమ్మల్ని సలహా అడగవచ్చు. ఆ అంకె చికిత్స ఫలితాన్ని చెప్పదు. ఆ పత్రాలు దేని గురించి? ఉల్లేఖించినవారు ఇతరులా, రచయితే తన పత్రాలను తాను పేర్కొన్నారా? ఏ వయసు స్త్రీలలో ఎంతమందికి సజీవ శిశువులు పుట్టారు? ఈ ప్రశ్నలు అడగమని చెప్పండి. ఉల్లేఖనాల సంఖ్య తోటి పరిశోధకులకు ఎంత ఉపయోగపడిందో చూపుతుంది; రోగికి ఎంత మేలు జరిగిందో చూపదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆరు పత్రాలకు 30, 12, 5, 5, 4, 2 ఉల్లేఖనాలు వచ్చాయి. హెచ్-సూచిక ఎంత?
2. 1925 నాటి పత్రాన్ని ఎక్కువగానూ, 1945 నాటి పత్రాన్ని తక్కువగానూ ఉల్లేఖించడానికి కారణాలు వివరించండి.

మొదటి ప్రశ్నకు సమాధానం: 4.