ముక్కు స్ప్రేల ట్రయల్స్: ఎవరి తుమ్ములకు మార్కులు పడతాయి?

ముక్కు కారడం, ముక్కు దిబ్బడ, దురద, తుమ్ములు. సీజన్ ఎలర్జీకి కొత్త స్ప్రే పనిచేస్తుందో లేదో తేల్చే క్లినికల్ ట్రయల్స్‌లో ఈ నాలుగింటికీ సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు. బాధ అసలు లేకపోతే సున్నా, నిద్రకూ పనికీ అడ్డుపడేంతగా ఉంటే మూడు. మొత్తం 12. రెండు పూటలవీ కలిపి 24గా లెక్కగట్టే ట్రయల్స్ కూడా ఉన్నాయి. ఈ మార్కులు వేసేది డాక్టరు కాదు, పేషెంటే. పొద్దునా సాయంత్రం డైరీలో రాయాలి, మామూలుగా రెండు వారాల పాటు.

అంటే ఇక్కడ ప్రధాన సాక్ష్యం రక్తపరీక్షో ఎక్స్‌రేయో కాదు, బాధపడే మనిషి మాట. వైద్యశాస్త్రం మనిషి మాటకు ఇంత విలువిచ్చే సందర్భాలు తక్కువ. అందుకే ఆ మాట చెప్పే అవకాశం ఎవరికి దొరుకుతోందని అడగాల్సి వస్తోంది. ట్రయల్‌లో చేరాలంటే ఫలానా పుప్పొడి పడదని చర్మం మీద చేసే పరీక్షలో తేలాలి. ఆ పరీక్ష చేసే క్లినిక్ అందుబాటులో ఉండాలి. రోజూ డైరీ నింపాలి, చెప్పిన తేదీకి తిరిగి వెళ్లాలి. రోజు కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు వెళ్లగలరు?

ప్లాసిబో సంగతి కూడా తెలుసుకోవాలి. మందు లేని స్ప్రేని కొందరికి ఇస్తారు. ఎవరికి ఏది పడిందో పేషెంటుకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఎలర్జీలో ఇది తప్పనిసరి. గాలిలో పుప్పొడి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. పైగా ఉత్త ద్రవం కొట్టినా ముక్కు కడిగినట్టై కొంత ఊరట ఉంటుంది. అమెరికాలోని టెక్సాస్‌లో మౌంటెన్ సీడార్ చెట్ల పుప్పొడి రేగే కాలంలో 610 మందితో ఒక ట్రయల్ జరిగింది. అజెలాస్టిన్, ఫ్లూటికాసోన్ అనే రెండు మందులు కలిపిన స్ప్రేని పరీక్షించారు. 2010లో ఫలితాలు ప్రచురించారు. కలిపిన మందుతో బాధ మార్కులు 28 శాతం తగ్గాయి. విడివిడిగా ఫ్లూటికాసోన్‌తో 20, అజెలాస్టిన్‌తో 16. ప్లాసిబోతోనూ 11 శాతం తగ్గాయి. ప్లాసిబో గుంపు లేకపోతే ఆ 11 కూడా మందు ఖాతాలోనే పడేది. స్ప్రే అమ్మే కంపెనీ ప్రకటనలో శాతం కనిపిస్తే, పక్కన ప్లాసిబో శాతం ఉందో లేదో చూడడం అలవాటు చేసుకోవాలి.

ఈ స్ప్రేకే డైమిస్టా అని పేరు పెట్టారు. 2012 మేలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. మందు బలం తేల్చిన రెండు వారాల ట్రయల్స్ అమెరికాలో జరిగాయి. ఏడాది పాటు వాడితే ప్రమాదం ఉందా అని తేల్చే 52 వారాల భద్రతా ట్రయల్ మాత్రం ఇండియాలో జరిగింది. దీర్ఘకాలం ముక్కు జబ్బు ఉన్న 612 మందిని తీసుకున్నారు. నాలుగు వందల మందికి పైగా కొత్త స్ప్రే, మిగతావాళ్లకు ఫ్లూటికాసోన్ ఇచ్చారు. ఇందులో ప్లాసిబో లేదు, అందరికీ మందు అందింది. ఆందోళనపడాల్సిన దుష్ప్రభావాలు కనిపించలేదని నివేదించారు. ఇది కుంభకోణం అని మేం అనడం లేదు. ఈ రెండు మందుల కలయిక అప్పటికే మన దేశంలో డ్యూయోనేజ్ పేరుతో అమ్ముడవుతోంది కూడా. కానీ పని ఎలా పంచారో చూడండి. రెండు వారాలు మందు పనితనం చూసే ట్రయల్స్ అక్కడ. ఏడాది పాటు ఒంటి మీద భద్రత పరీక్ష ఇక్కడ.

ఆ 612 మంది ఎవరు? అమెరికా ట్రయల్స్ నివేదికల్లో తెల్లవారెందరు, నల్లవారెందరు, ఏషియన్లెందరు అని పట్టిక ఉంటుంది. ఇండియాలో చేరినవాళ్లు ఆ పట్టికలోకి వెళ్తే అందరూ ‘ఏషియన్’. మాలలు, మాదిగలు, ఆదివాసులు, అగ్రకులాలవాళ్లు, అందరికీ ఒకే గడి. ఇక్కడి ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి. వయసు, లింగం అడుగుతారు. కులం అడగరు. విచిత్రం ఏమిటంటే సమ్మతి పత్రంలో మాత్రం చదువు, వృత్తి, వార్షిక ఆదాయం రాయించుకుంటారు. ఆ సమాచారం ఫైల్లోనే ఆగిపోతుంది.

మన వైపు ఎలర్జీ అంటే పొలంలో ముందు గుర్తొచ్చేది వయ్యారిభామ. 1950లలో పూణే దగ్గర మొదట గుర్తించిన ఈ మొక్క దిగుమతి చేసుకున్న ధాన్యంతో వచ్చిందని అంటారు. వానలు పడ్డాక గట్ల మీదా బీళ్లలోనూ విరగబూస్తుంది. దాని పుప్పొడికి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద. ఆకు తగిలితే చర్మం మీద దద్దుర్లు. గ్లవుజులు లేకుండా దాన్ని పీకేది కలుపు కూలీలు, వాళ్లలో ఎక్కువమంది దళిత, బహుజన ఆడవాళ్లు. ఆర్‌ఎంపీ ఇచ్చే సిట్రిజిన్ వేసుకుంటే కొందరికి మత్తు. మత్తుగా ఉంటే పని నడవదు, మేస్త్రీ ఊరుకోడు. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే అయితే ఆ మత్తు ఉండదు. బుడెసోనైడ్ ముక్కు స్ప్రే దేశపు అత్యవసర మందుల జాబితాలోనే ఉంది. మీ మండలం పీహెచ్‌సీలో ఉందా అని ఒకసారి అడిగి చూడండి.

పేదల శరీరాలు ట్రయల్స్‌కు అక్కర్లేదని కాదు. వేరే గుమ్మం గుండా రానిస్తారు. 2011లో పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను హైదరాబాద్‌కు తీసుకెళ్లి మందుల పరీక్షల్లో వాడారన్న వార్త బయటికొచ్చింది. ఔషధ నియంత్రణ సంస్థ ఆ కంపెనీ అనుమతిని సస్పెండ్ చేసింది. అంతకుముందు ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో గిరిజన హాస్టళ్ల ఆడపిల్లలు ఉన్నారు. విచారణలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. సొంత మాటే సాక్ష్యమైన డైరీ ట్రయల్ పక్కన ఈ అంకెలు పెట్టి చూస్తే తేడా అర్థమవుతుంది. అక్కడ పేషెంటు రోజుకు రెండుసార్లు చెబుతాడు. ఇక్కడ ఆ పిల్ల తరఫున వార్డెన్ సంతకం పెట్టాడు.

ఆ పోరాటాల వల్లే నిబంధనలు మారాయి. 2013లో సమ్మతి తీసుకోవడాన్ని ఆడియో, వీడియో రికార్డు చేయాలన్నారు. తర్వాత దాన్ని కుదించారు. 2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, బలహీన స్థితిలో ఉన్నవాళ్లు పూర్తిగా కొత్త రసాయనం ట్రయల్‌లో చేరినప్పుడే వీడియో తప్పనిసరి. ముక్కు స్ప్రేలలో చాలావరకు పాత మందులకే కొత్త కలయికలు. కాబట్టి కలుపు కూలీని అలాంటి ట్రయల్‌లో చేర్చుకున్నా కెమెరా పెట్టనక్కర్లేదు. ట్రయల్ అయ్యాక మందు ఉచితంగా కొనసాగించే అవకాశం కూడా వేరే చికిత్స లేనప్పుడే. ఎలర్జీకి వేరే మందులున్నాయి కదా అని ఆ తలుపూ మూసుకుంటుంది.

నిబంధనల్లో మనకు పనికొచ్చేవీ ఉన్నాయి. ట్రయల్‌లో హాని జరిగితే ఉచిత వైద్యం ఇవ్వాలి. ట్రయల్ వల్లే మరణిస్తే పరిహారం 8 లక్షల మూల మొత్తం మీద వయసు, జబ్బు తీవ్రతను బట్టి లెక్కిస్తారు. ఆదాయం ఆ సూత్రంలో లేదు. కూలీ ప్రాణానికీ ఆఫీసరు ప్రాణానికీ ఒకే లెక్క, కనీసం కాగితం మీద. ప్లాసిబో ఇచ్చి, ఇవ్వాల్సిన మామూలు చికిత్స ఆపినందువల్ల హాని జరిగినా పరిహారం అడగొచ్చు.

ఇక ఎథిక్స్ కమిటీ. కనీసం ఏడుగురు సభ్యులు, సగం మంది ఆ సంస్థకు బయటివాళ్లు. వైద్యంతో సంబంధం లేని సామాన్యుడొకరు, న్యాయ నిపుణుడొకరు, కనీసం ఒక మహిళ ఉండాలి. సామాజిక శాస్త్రవేత్తకో స్వచ్ఛంద సంస్థ ప్రతినిధికో కూడా ఒక కుర్చీ ఉంది. మీ జిల్లా మెడికల్ కాలేజీ కమిటీలో ఆ కుర్చీల్లో ఎవరున్నారో తెలుసుకోవాలి. ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు కింద అడగొచ్చు. సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో జబ్బు పేరు కొడితే ఏ ఊళ్లో ఏ ఆస్పత్రిలో ట్రయల్ నడుస్తోందో, ప్లాసిబో ఉందో లేదో, ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందో కనిపిస్తుంది. విద్యార్థులు ఒక మధ్యాహ్నం కూర్చుంటే తమ జిల్లా జాబితా తయారవుతుంది.

వాడలో ఎవరైనా ట్రయల్‌లో చేరామని చెబితే ముందు ఒక కాగితం అడగండి. సంతకం చేసిన సమ్మతి పత్రం కాపీ, సమాచార పత్రం వాళ్ల చేతికి ఇచ్చి తీరాలి, వాళ్లకు అర్థమయ్యే భాషలో. అందులో నామినీ పేరు రాసే గీత కూడా ఉంటుంది. అది ఖాళీగా ఉందేమో చూడండి.